ఒకే బండికి మూడు కొటేషన్లు

మా ఇంట్లో పాల లెక్క రాసుకునే నోటు పుస్తకం వెనక పేజీలు ఇప్పుడు కార్ల లెక్కలతో నిండిపోయాయి. మొదటి పేజీలో ఒక కారు పేరు, దాని కింద మూడు అంకెలు. ఒకే మోడల్, ఒకే వేరియంట్, ఒకే తెల్ల రంగు. మూడు షోరూముల్లో రాయించుకున్న మూడు ఆన్‌రోడ్ ధరలు, అంటే పన్నులు, బీమా అన్నీ కలిపి బండి రోడ్డెక్కే ధరలు. మొదటిదానికీ చివరిదానికీ తేడా 57,500 రూపాయలు. కంపెనీ ఇచ్చిన ఎక్స్ షోరూమ్ ధర మూడింట్లోనూ ఒకటే. రాష్ట్రానికి ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ కూడా ఒకటే. మారిందల్లా వాటి కింద చేరిన మూడు వరుసలు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వనస్థలిపురంలో ఉంటాం. పన్నెండేళ్లు నడిచిన మా చిన్న కారు ఇక మూలుగుతుంటే 2025 శ్రావణంలో కొత్త బండి కోసం తిరగడం మొదలుపెట్టి దసరాకి తెచ్చుకున్నాం. ఈ మధ్యలో ఎంతమందిని అడిగానో లెక్కలేదు. అందరూ రెండే మాటలు చెప్పారు: ఎక్స్ షోరూమ్ ఎంత, ఈఎంఐ ఎంత. ఈ రెండూ చూసి కారు కొంటే మోసపోతామని నేను గట్టిగా నమ్ముతున్నాను. షోరూమ్‌లో కట్టే డబ్బులో కొంత మనకి మళ్లీ తిరిగొస్తుంది, బండి అమ్మేసిన రోజున. ఆ తిరిగొచ్చేది తీసేసి, మిగిలినదాన్ని వాడిన ఏళ్లతో భాగిస్తే ఎంత వస్తుందో అదే ఆ కారు అసలు ధర. ఈ లెక్క వేసి చూస్తే చవక అనుకున్నవి ఖరీదవుతాయి, మనం పట్టించుకోని బళ్లు ముందుకొస్తాయి.

మేం కొన్నది సెడాన్, అంటే వెనక డిక్కీ విడిగా పొడుచుకొచ్చే కారు. ముందు సెడానే ఎందుకన్న ప్రశ్న ఉంది. 2014లో వచ్చిన మారుతి సియాజ్ 2025లో ఆగిపోయింది. టయోటా యారిస్ 2018లో వచ్చి 2021లోనే వెళ్లిపోయింది. నేను తిరిగే నాటికి మిడ్‌సైజ్ సెడాన్ అంటే హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, ఈ నాలుగే మిగిలాయి. మా తమ్ముడైతే ఫోన్‌లోనే కోప్పడ్డాడు. "అక్కా, అందరూ ఎస్‌యూవీలు కొంటుంటే నువ్వు సెడాన్ కొంటవేంది? రేపు అమ్ముదామంటే ఎవరు తీస్కుంటరు?" అన్నాడు.

వాడి ప్రశ్న సరైనదే. అమ్మకం ధర నా లెక్కలో సగం కదా. అందుకే ఈ సెడాన్లనీ, అదే కంపెనీల ఎస్‌యూవీలనీ పక్కపక్కన రాసుకున్నాను. వెర్నాలో ఉన్న 115 హార్స్‌పవర్ 1.5 లీటర్ ఇంజినే క్రెటాలో ఉంది, 160 హార్స్‌పవర్ టర్బో కూడా రెంటికీ ఒకటే. సిటీ పెట్రోల్ ఇంజినే ఎలివేట్‌లో పెట్టారు. స్లావియా, వర్టస్, వాటి తోబుట్టువులు కుషాక్, టైగున్ ఒకే పునాది మీద కట్టిన బళ్లు. ధరలో సెడానే ఎప్పుడూ చవక అని చెప్పను. హోండాలో ఎలివేట్ మొదలయ్యే ధర సిటీ కంటే తక్కువ. కానీ దాదాపు అంతే డబ్బుకి డిక్కీలో ఏం పడుతుందో చూడండి. వెర్నా డిక్కీ 528 లీటర్లు, స్లావియాది 521, సిటీది 506. క్రెటాది 433. ఎత్తుగా కనిపించే బండిలో సామానుకి చోటు ఎక్కువనుకుంటాం, ఇక్కడ సంగతి తిరగబడింది. పైగా ఎత్తు తక్కువున్న బండి గాలిని తక్కువ తోసుకుంటుంది. అదే ఇంజినుతో హైవే మీద సెడాన్ కాస్త తక్కువ పెట్రోలు తాగడానికీ, వంపుల్లో తక్కువ ఊగడానికీ అదే కారణం.

మాకు ఇది అక్కరకొచ్చే విషయం. సూర్యాపేట అవతల మా అత్తగారి ఊరు. నెలకి ఒకటి రెండుసార్లు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఐదుగురం వెళతాం. వెళ్లేటప్పుడు బట్టలు, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు, కూరగాయల సంచులు. మా పాత కారులో ఒక బ్యాగు ఎప్పుడూ పిల్లల కాళ్ల దగ్గరే ఉండేది.

మా అత్తమ్మకి నడుం నొప్పి. అందుకని ఆమెను ప్రతి షోరూమ్‌కీ తీసుకెళ్లి వెనక సీట్లో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాం. రెండు నిమిషాలు కూర్చుంటే ఏ సీటైనా బాగానే ఉంటుంది, పదిహేను నిమిషాలు దాటాకే నడుం మాట్లాడుతుంది. తొడల కింద సీటు ఎంత దూరం ఆనుతోంది, వీపు ఎంత వాలుతోంది అన్నది ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. ఒక మాట ఒప్పుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే సెడాన్‌లోంచి లేవడం కష్టమే. ఆ ఒక్క కారణంతో ఎవరైనా ఎస్‌యూవీ కొన్నా నేను తప్పుపట్టను. అత్తమ్మకి మోకాళ్లు బాగున్నాయి కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు.

సెడాన్ మీద రెండో అభ్యంతరం స్పీడ్ బ్రేకర్లు. స్లావియా కింది ఎత్తు 179 మిల్లీమీటర్లు అని కంపెనీ చెబుతుంది, అది ఖాళీ బండికి. నలుగురు ఎక్కాక ఎంత కుంగుతుందో మనమే చూసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ బండిని మా గల్లీకి తీసుకురమ్మని అడిగాం. ఐదుగురం ఎక్కి, మా వీధి చివర ఎవరో ఇష్టమొచ్చినట్టు సిమెంటుతో పోసిన బ్రేకర్ మీద మెల్లగా ఎక్కించాం. ఒక బండి కింద తగిలింది, ఒకటి తగల్లేదు. ఈ పరీక్ష చేయకుండా సెడాన్ కొనొద్దని అందరికీ చెబుతున్నాను. సేల్స్ అబ్బాయి మొదట ఇబ్బంది పడ్డా, అడిగితే ఒప్పుకుంటారు.

ఇక పన్నుల సంగతి. 2025 సెప్టెంబర్ 22న, సరిగ్గా దేవీ నవరాత్రులు మొదలైన రోజున, కార్ల మీద జీఎస్టీ మారింది. ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రకటన రాగానే షోరూములు ఖాళీ అయ్యాయి, అందరూ ఆగిపోయారు. మేమూ ఆగాం. ఐతే అందరికీ ఒకేలా తగ్గలేదు. నాలుగు మీటర్లు దాటిన, 1,500 సీసీ లోపు ఇంజిను ఉన్న కార్లకి అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 17 శాతం సెస్సు, మొత్తం 45. ఇప్పుడు సెస్సు తీసేసి 40 చేశారు. నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్లకి 29 శాతం ఉండేది 18కి దిగింది. పన్నుకు ముందు 10 లక్షలుండే మిడ్‌సైజ్ సెడాన్ 14.5 లక్షల నుంచి 14 లక్షలకి వచ్చింది, అంటే 50 వేలు తగ్గింది. పన్నుకు ముందు 7 లక్షలుండే చిన్న సెడాన్ 9.03 లక్షల నుంచి 8.26కి వచ్చింది, 77 వేలు తగ్గింది. చిన్న బండికే ఎక్కువ తగ్గింది.

ఈ నాలుగు మీటర్ల గీత 2006 కేంద్ర బడ్జెట్ నుంచి ఉంది. చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పుడు, చిన్న కారంటే ఏమిటో చెప్పడానికి ఈ కొలత పెట్టారు. అప్పటి నుంచి కంపెనీలు ఆ కొలతకే బళ్లని కుట్టడం మొదలుపెట్టాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్, 2012లో స్విఫ్ట్ డిజైర్ డిక్కీలు కుదించుకుని వచ్చింది అందుకే. ఈ రోజుకీ డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. స్లావియా 4,541. స్లావియా చిన్న ఇంజిను 999 సీసీయే ఐనా, పొడవు దాటింది కాబట్టి 40 శాతం పన్ను కట్టాల్సిందే.

కాబట్టి ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట ఈ అరమీటరు మీకు నిజంగా కావాలా అని అడుగుతాను. ఇంట్లో నలుగురే ఉండి, తిరగడం ఎక్కువగా ఊళ్లోనే ఐతే కొత్త డిజైర్ లాంటి బండి విలువలో దేన్నైనా ఓడిస్తుంది. కార్లని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో దానికి 5 స్టార్లు కూడా వచ్చాయి. దాని డిక్కీ 382 లీటర్లు. మా ఐదుగురికీ, బియ్యం బస్తాకీ అది చాలదు, వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే భుజాలు ఒరుసుకుంటాయి. మేం అరమీటరుకి డబ్బు పెట్టాం, తెలిసే పెట్టాం.

రాష్ట్ర పన్ను దగ్గర ఇంకో గీత ఉంది. తెలంగాణలో 2022 మేలో పెట్టిన శ్లాబుల్లో 5 నుంచి 10 లక్షల కారుకి 14 శాతం లైఫ్ ట్యాక్స్, 10 నుంచి 20 లక్షల కారుకి 17. 2025 ఆగస్టులో ఆ 17ని 18 చేశారు. ఇది ఆదాయపు పన్ను లాంటిది కాదని చాలామందికి తెలియదు. పది లక్షలు దాటిన భాగానికి మాత్రమే ఎక్కువ రేటు పడదు, మొత్తం ధర మీద పడుతుంది. 9.95 లక్షల కారుకి 18 పెట్టకుండా 14తో పోతుంది, 10.05 లక్షల కారుకి ఆ పది వేల తేడాతో పన్నే 40 వేలకు పైగా పెరుగుతుంది. ఒకే పేరు మీద రెండో కారు ఐతే ఇంకో 2 శాతం అదనం. మా పాత కారు మా ఆయన పేరున ఉంది, కొత్తది నా పేరున కొన్నాం. ఆ ఒక్క నిర్ణయంతో పాతిక వేలు మిగిలింది.

పది లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్ కూడా కట్టించుకుంటారు, అంటే మన ఆదాయపు పన్ను కింద అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే డబ్బు. ఇది ఖర్చు కాదు. రిటర్ను వేసేటప్పుడు మన పన్నులో సర్దుబాటవుతుంది, లేదంటే వెనక్కి వస్తుంది. కొటేషన్లో ఆ అంకె చూసి కంగారు పడక్కర్లేదు, కానీ రిటర్నులో చూపించుకోవడం మరవకూడదు.

ఇప్పుడు ఆ మూడు కొటేషన్ల దగ్గరికి వస్తాను. ఏ కంపెనీయో, ఏ షోరూమో రాయను. ఇలా చేసేది వాళ్లు మాత్రమే కాదు.

మొదటి చోట ఇన్సూరెన్స్ 64,800, యాక్సెసరీ కిట్ 28,500, హ్యాండ్లింగ్ 12,000. మొత్తం 1,05,300. రెండో చోట ఇవే మూడూ 58,200, 15,000, 7,500, కలిపితే 80,700. మొదటి చోట "ఈ కిట్ లేకుండా బండి ఇవ్వలేం మేడమ్, సిస్టమ్‌లోనే లాక్ అయి ఉంటుంది" అన్నారు. కిట్‌లో ఏముందని అడిగితే ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, డోర్ సిల్ స్టిక్కర్లు, కారు కవరు, ఒక పెర్‌ఫ్యూమ్ బాటిల్. హ్యాండ్లింగ్ అంటే ఏమిటంటే గోడౌన్ నుంచి షోరూమ్‌కి తెచ్చే ఖర్చట. ఎక్స్ షోరూమ్ అన్న మాటకి అర్థమే షోరూమ్ గుమ్మం దాకా అయిన ఖర్చన్నీ అందులో ఉన్నాయని. మళ్లీ విడిగా అడగడానికి వాళ్ల దగ్గర ఏ ఆధారమూ లేదు. నేను ఒకే మాట అడిగాను: "ఈ 12 వేలకి బిల్లులో హ్యాండ్లింగ్ అని రాసి, ముద్ర వేసి ఇస్తారా?" మేనేజర్‌ని అడిగొస్తానని వెళ్లిన అబ్బాయి తిరిగొచ్చి కాఫీ తాగుతారా అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి టార్గెట్లుంటాయి. ఆ వరుస రాయించినవాళ్ల మీదే నా కోపం. పదిహేనేళ్లు ఉద్యోగం చేసి కూడబెట్టిన డబ్బులోంచి పేరు కూడా లేని ఖర్చుకి 12 వేలు అడగడం అన్యాయం.

ఇన్సూరెన్స్ దగ్గర తేడా ఎందుకొస్తుందో తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఒకేసారి తీసుకోవాలి. దాని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ కార్లకి మూడేళ్లకి 10,640 రూపాయలు, 1,000 సీసీ లోపైతే 6,521, జీఎస్టీ అదనం. జీఎస్టీలో పొడవు వల్ల నష్టపోయిన 999 సీసీ టర్బో సెడాన్లు ఇక్కడ మాత్రం చిన్న కార్ల రేటుకే పోతాయి. మిగతాదంతా సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం, దాని మీద జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా డబ్బిచ్చే ఏర్పాటు) లాంటి చేర్పులు. అక్కడే బేరం. ఫలానా చోటే బీమా తీసుకోవాలని షోరూమ్ వాళ్లు పట్టుబట్టే హక్కు లేదు. నేను అదే ఐడీవీకి (బీమా కట్టే బండి విలువకి), అవే చేర్పులతో బయట 43,600కి తీసుకున్నాను. మ్యాట్లు, కవరు బయట 4,200. మూడో షోరూమ్ వాళ్లు హ్యాండ్లింగ్ తీసేసి, బయటి బీమాకి ఒప్పుకున్నారు. మొత్తం 47,800. మొదటి చోట అడిగిన 1,05,300తో పోల్చుకోండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బీమాలో ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువగా చూపించేవాళ్లు బయట కూడా ఉన్నారు. ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే మన చేతికొచ్చే డబ్బు. ముందు అది సమానం చేశాకే ప్రీమియాలు పోల్చాలి.

ఇంతవరకూ చెప్పింది ఒక్కసారి మిగిలే డబ్బు. అసలు పెద్ద మొత్తం ఇంకోచోట పోతుంది. వేరియంట్ ఎంచుకునే చోట.

షోరూమ్‌లో మనకి ఎప్పుడూ టాప్ వేరియంటే చూపిస్తారు. దానికి సన్‌రూఫ్ ఉంటుంది, గాలి వచ్చే సీట్లుంటాయి, పెద్ద స్క్రీన్లుంటాయి. పిల్లలు వెంటనే సన్‌రూఫ్ కిందకి చేరారు. నేను ఇంటికొచ్చి ఈ లెక్క వేశాను. మధ్య వేరియంట్ 13 లక్షలు, టాప్ 16.5 లక్షలు అనుకుందాం. 18 శాతం లైఫ్ ట్యాక్స్ కలిపితే 15.34, 19.47 లక్షలు. ఎనిమిదేళ్లు వాడి అమ్మేద్దాం. ఎనిమిదేళ్ల నాటి సెడాన్లకి ఇప్పుడు ఏ ధర పలుకుతోందో తెలుసుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్‌బీ నగర్‌లో సెకండ్ హ్యాండ్ బళ్లు అమ్మేవాళ్ల దగ్గర రెండు ఆదివారాలు తిరిగాను. మోడల్, ఏడాది, కిలోమీటర్లు, యాక్సిడెంట్ అయిందా లేదా, ఎన్నో ఓనరు, ఇవే అడుగుతారు. సన్‌రూఫ్‌కి ఎవరూ మూడున్నర లక్షలు ఇవ్వరు, నలభై యాభై వేలు కలిపితే గొప్ప. అందుకని మధ్యదానికి 4.2 లక్షలు, టాప్‌కి 4.7 లక్షలు వస్తాయనుకున్నాను. మధ్య వేరియంట్ ఏడాదికి సుమారు 1.39 లక్షలు పడింది, టాప్ 1.85 లక్షలు. తేడా ఏడాదికి 45 వేల పైచిలుకు, నెలకి 3,700 పైచిలుకు. సన్‌రూఫ్‌కి నెలనెలా ఎనిమిదేళ్ల పాటు 3,700 అద్దె కడతారా అని ఇంట్లో అడిగితే పిల్లలు కూడా వద్దన్నారు. మే నెల హైదరాబాద్ ఎండలో దాని కర్టెన్ ఎలాగూ తెరవం.

ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడండి. అదే మధ్య వేరియంట్‌ని నాలుగేళ్లకే అమ్మేస్తే మంచి ధర వస్తుందని చాలామంది నమ్మకం. 7.5 లక్షలు వచ్చాయనుకుందాం, అది మంచి ధరే. 15.34లోంచి తీసేస్తే 7.84 లక్షలు, నాలుగుతో భాగిస్తే ఏడాదికి 1.96 లక్షలు. ఎనిమిదేళ్లు ఉంచుకున్నవాళ్లకి 1.39. తొందరగా మార్చినందుకు ఏడాదికి 57 వేలు ఎక్కువ. కారణం తేలికే. లైఫ్ ట్యాక్స్ కొన్నరోజే పోతుంది, మొదటి ఏళ్లలోనే విలువ ఎక్కువగా పడిపోతుంది. బీమా నిబంధనల్లో ఐడీవీ పట్టిక చూసినా ఇదే కనిపిస్తుంది: ఆరు నెలలు దాటితే 15 శాతం తరుగు, ఐదో ఏడు వచ్చేసరికి 50. మా తమ్ముడి ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. సెడాన్‌కి సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌యూవీ కంటే ఒక యాభై అరవై వేలు తక్కువే రావచ్చు. ఎనిమిది పదేళ్లు వాడేవాళ్లకి అది ఏడాదికి ఆరేడు వేలు. నాలుగేళ్లకోసారి మార్చేవాళ్లకి మాత్రం అది పెద్ద మొత్తం, అలాంటివాళ్లు మా తమ్ముడి మాట వినడమే మంచిది.

మైలేజీ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద జరిగే చర్చకీ అది మిగిల్చే డబ్బుకీ పొంతన లేదు. పెట్రోలు ఇంజినుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న సిటీ హైబ్రిడ్ 2022 మేలో లీటరుకి 26.5 కిలోమీటర్లు అని చెప్పి వచ్చింది. ఊళ్లో అది 20 ఇస్తుందని, మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ 12 ఇస్తుందని అనుకుందాం. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు. మిగిలేది 35 వేల పైచిలుకు. హైబ్రిడ్‌కి పెట్టే అదనం మూడు, మూడున్నర లక్షలు, దాని మీద మళ్లీ లైఫ్ ట్యాక్స్. పది వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఆ డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు. ఏడాదికి పాతిక వేలు తిరిగేవాళ్లైతే నాలుగైదేళ్లలోనే వస్తుంది, వాళ్లు తప్పకుండా చూడాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్లో ఐదో వంతు ఇథనాల్. దానికి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. ఏ బండి కొన్నా పాత రోజుల మైలేజీ ఆశించకండి.

నేను లెక్క వేయకుండా డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నది ఒక్క దాని దగ్గరే. మా ఊరి దారిలో ఎన్ని బళ్లు నుజ్జై పక్కన పడి ఉండగా చూశానో నాకు తెలుసు. 2023లో స్లావియా, వర్టస్, వెర్నా మూడూ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దవాళ్లకీ పిల్లలకీ 5 స్టార్లు తెచ్చుకున్నాయి. కానీ స్టార్లు లెక్కపెట్టి ఆగిపోకూడదు. అదే నివేదికల్లో స్లావియా, వర్టస్‌ల బాడీ షెల్ స్థిరంగా ఉందని, వెర్నాది అస్థిరంగా ఉందని రాశారు. అంటే గుద్దుకున్నప్పుడు ఇంకా ఎక్కువ బరువు తట్టుకోగలదా లేదా అన్న విషయం. వెర్నాకి అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, అది మంచి విషయం. సిటీలో కిందిది తప్ప మిగతా పెట్రోల్ వేరియంట్లన్నింటిలో తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటుంది. ఇలా ఒక్కోదానికి ఒక్కోటి. వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు ఉందా అని అడగండి. మా ఇంట్లో అక్కడ కూర్చునేది మా చిన్నమ్మాయి.

అప్పు సంగతి. ఏ షోరూమ్‌లోనైనా మొదటి ప్రశ్న "నెలకి ఎంత కట్టగలరు మేడమ్?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పొద్దు. చెప్పిన నిమిషంలో మనకి 13 లక్షల బండి బదులు 16 లక్షల బండి చూపించి, గడువు ఐదేళ్ల నుంచి ఏడేళ్లకి లాగి అదే ఈఎంఐలో కూర్చోబెడతారు. 10 లక్షల అప్పుకి 9 శాతం వడ్డీతో ఐదేళ్లకి ఈఎంఐ 20,758. ఏడేళ్లకైతే 16,089. నెలకి నాలుగున్నర వేలు తగ్గింది కదా అనిపిస్తుంది. కట్టే వడ్డీ 2.45 లక్షల నుంచి 3.51 లక్షలకి పోతుంది. లక్షా ఆరు వేలు. ఏడేళ్లు కడితే తప్ప రాని కారు మన స్థాయికి మించిన కారేనని నా అభిప్రాయం. ఆ మాట నా తోటి టీచర్లతోనూ అన్నాను, ఒకరిద్దరికి నచ్చలేదు.

డెలివరీకి ముందు ఫారం 22 (బండి రోడ్డుకి తగినదని తయారీ కంపెనీ ఇచ్చే పత్రం) చూపించమని, బండి తయారైన నెల, ఏడాది ఎక్కడ రాసి ఉందో చూపించమని అడిగాను. ఏడెనిమిది నెలలుగా యార్డులో ఎండకి నిలబడ్డ బండిని పండగ ఆఫర్లో పెట్టడం మామూలే. డిస్కౌంట్ సరిపడా ఉంటే అది కూడా మంచి బేరమే. ఎనిమిదేళ్లు వాడేవాళ్లకి తయారీ ఏడాది పెద్దగా అడ్డు రాదు. తెలియకుండా కొనడమే నష్టం. మాకు చూపించిన మొదటి బండి జనవరిలో తయారైంది. వద్దంటే ఆగస్టు బండి వచ్చింది. టైర్లు, స్టెప్నీ, పెయింటు, అద్దాల మీద నంబర్లు పగటి వెలుగులో గంటసేపు చూశాకే మిగతా డబ్బు కట్టాం.

దసరా ముందు రోజు బండి ఇంటికొచ్చింది. మీటరు మీద 22 కిలోమీటర్లు. అత్తమ్మ నిమ్మకాయలు పెట్టి, ముందు తానే వెనక సీట్లో కూర్చుంది. అదే నెలలో మా తమ్ముడు ఖమ్మంలో ఎస్‌యూవీ కొన్నాడు, ఏడేళ్ల అప్పుతో, సన్‌రూఫ్‌తో. పోట్లాడుకోలేదు. ఇద్దరం ప్రతి పెట్రోలు బిల్లూ, సర్వీసు బిల్లూ ఫోటో తీసి ఒకరికొకరు పంపుకుందామని ఒప్పందం చేసుకున్నాం. నోటు పుస్తకంలో ఇప్పుడు రెండు పేజీలు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకటి మాది, ఒకటి వాడిది. దీపావళికి ఊరెళ్లొచ్చిన ట్రిప్పుతో మొదటి వరుస నిండింది. హైవే మీద మాది లీటరుకి 17.2, వాడిది 15.1. ఆఖరి గడి, అమ్మినప్పుడు ఎంత వచ్చింది అన్నది, రెండు పేజీల్లోనూ ఖాళీగా ఉంది.